ఋణపత్రంలో నిర్వాసితుల చోటు

దాళ్వా పంటకు గోదావరి నీరు చాలని యేట మన డెల్టా రైతు మొదట ఆరా తీసేది, సీలేరు నుండి ఎంత నీరు వదిలినారని. విశాఖ మన్యంలో పుట్టి, ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్ అను పేరుతో పారి, దిగువన సీలేరై, శబరిలో కలసి, ఆ నీరు కూనవరం వద్ద గోదావరిని చేరుతున్నది. దారిలో విద్యుత్కేంద్రాల చక్రాలను త్రిప్పి, ఆ పిమ్మట ధవళేశ్వరం వచ్చి మన చేలను తడుపుతున్నది. ఆ కొండల నీటిని మనం రెండు మారులు అనుభవిస్తున్నాము: ఒకమారు వెలుగుగా, ఒకమారు వరిగా. మరి దాని వెల ఎవరు చెల్లించినారు?

మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రం ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి పథకం. 1955 ఆగస్టులో రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ దానిని ప్రారంభించినారు. కోస్తా పట్టణాలలో దీపాలు వెలిగినవి, మిల్లులు తిరిగినవి, ఇండ్లలో రేడియోలు పలికినవి. అయితే జలాపుట్ ఆనకట్ట మూలంగా సుమారు 3 వేల కుటుంబాలు ఊళ్లు విడిచినవనీ, వారిలో సగానికి పైగా గిరిజనులనీ, పునరావాసం పొందినవి 600 కుటుంబాలు మాత్రమేననీ తరువాతి పరిశోధకులు లెక్క తేల్చినారు. సిమెంటుకు, యంత్రాలకు వ్రాసినంత శ్రద్ధగా మనుష్యులకు లెక్క వ్రాసే ఆచారం ఆనాడు పెక్కు దేశాలలో లేదు.

మన పల్లెలలో పొలం తాకట్టు పెట్టుకొని అప్పిచ్చేవాడు ముందుగా ఒక మాట అడుగుతాడు: ఇందులో ఇంకెవరికైనా వాటా ఉన్నదా? ఆనకట్టల విషయంలో ఆ ప్రశ్న అడుగుటకు పెద్ద బ్యాంకులకు చాల కాలం పట్టినది. ప్రపంచ బ్యాంకు నిర్వాసితులను గూర్చి 1980లో మొదటిసారిగా నియమం వ్రాసుకొన్నది. అయినను 1985లో నర్మదపై సర్దార్ సరోవర్‌కు 45 కోట్ల డాలర్ల ఋణం మంజూరు చేసినది. నర్మదా లోయలో నిరసన పెరుగగా, 1991లో బ్రాడ్‌ఫర్డ్ మోర్స్ అధ్యక్షతన స్వతంత్ర విచారణ సంఘాన్ని నియమించినది. నిర్వాసితుల స్థితిగతులను గాని, పర్యావరణాన్ని గాని ముందుగా సరిగా పరిశీలించలేదని ఆ సంఘం 1992లో తేల్చినది. 1993 మార్చిలో భారత ప్రభుత్వం మిగిలిన ఋణాన్ని వదులుకొన్నది. అదే యేట సెప్టెంబరులో, బాధితులు నేరుగా మొర పెట్టుకొనుటకు ప్రపంచ బ్యాంకులో తనిఖీ మండలి ఏర్పడినది. 2003లో 10 వాణిజ్య బ్యాంకులు ఈక్వేటర్ సూత్రాల పేరిట ఇట్టి కట్టుబాట్లనే స్వీకరించినవి.

ఈ ప్రమాణాల సారం సులభంగానే చెప్పవచ్చును. నీరు నిలువక మునుపే ఇంటింటి లెక్క తీయవలెను. పట్టా లేని పోడు రైతును కూడ ఆ లెక్కలో చేర్చి ఆదుకొనవలెను. పునరావాసం సాగిన తీరు చూచి మిగిలిన సొమ్ము విడుదల చేయవలెను.

నేడు ఆ ప్రశ్న మన గుమ్మం ముందుకే వచ్చినది. 2019 మార్చిలో భారత ప్రభుత్వం పెద్ద జలవిద్యుత్తును కూడ పునరుత్పాదక శక్తిగా ప్రకటించినది. పోలవరం వద్ద 960 మెగావాట్ల కేంద్రం తలపెట్టినారు. ఆ పథకం వలన చోటు మారవలసిన కుటుంబాలు లక్షకు పైన. 2016 డిసెంబరులో నాబార్డు 1,981 కోట్ల రూపాయలు ఋణంగా అందించినది. ఆ సొమ్ము సేద్యపు భాగానికి. విద్యుత్కేంద్రపు వ్యయం రాష్ట్రానిది. పద్దులు వేరైనను ముంపు ఒక్కటే. ముంపునకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావలెనని 2013 నాటి భూసేకరణ చట్టం శాసించినది. కాని 2022 జూలై వరదలో కూనవరం, వరరామచంద్రపురం మండలాల పల్లెలు మునిగినప్పుడు, పునరావాసానికై ఎదురుచూచే కుటుంబాలు ఇంకను అక్కడనే ఉన్నవి.

జలవిద్యుత్తుకు పొగ లేదు, బొగ్గు లేదు, నిజమే. కొండల మీది కుటుంబానికి క్రొత్త ఇల్లు, సాగుకు భూమి దక్కినవా అన్నది కూడ ఆ లెక్కలో చేరవలెను. ఆ నీటితో పంట పండించుకొనే మనమే ఆ మాట ముందుగా అడుగవలసినవారము.