మోటుపల్లి అభయమూ, ఓడదొంగల చట్టమూ

తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకు ఎవరిది? పోగొట్టుకొన్న వర్తకునిదే కదా అని మనకు వెంటనే తోస్తుంది. పూర్వం తీరాన్నేలిన రాజులకు మాత్రం అలా తోచలేదు. ఏనుగులు కానీ, గుర్రాలు కానీ, రత్నాలు కానీ, దరిచేరినదంతా తమదేనన్నారు. నడిసంద్రంలో దోచుకొంటే దొంగ, ఒడ్డున దోచుకొంటే రాజు!

ఇది నా కల్పన కాదు. పూర్వపు రాజులు ఇలాగే బలవంతంగా లాక్కొనేవారని కాకతీయ గణపతిదేవుడే తన మోటుపల్లి శాసనంలో చెప్పాడు. శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244-45 నాటి శాసనమది. నేటి బాపట్ల జిల్లాలో ఉన్న ఆ ఊరి వీరభద్రాలయంలో, రాతిస్తంభం మీద ఉంది. బడిలో మనమంతా దీన్ని ‘అభయశాసనం’ అని చదువుకొన్నాం, గణపతిదేవుని దయాగుణానికి నిదర్శనమని వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాం. నెమ్మదిగా చదివితే నాకు అందులో దయకంటె న్యాయశాస్త్రమే ఎక్కువగా కనిపించింది.

ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే సాంయాత్రికుల నుండి నిర్ణీతమైన సుంకం తప్ప మరేదీ తీసుకోమని రాజు మాట ఇచ్చాడు. ‘కౢప్తశుల్కం’ అన్నది అక్కడి పదం. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పదింట ఒక వంతు. అంతటితో ఊరుకోలేదు. చందనం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది, దంతం, పగడాలు, పట్టునూలు, మిరియాలు, పోకచెక్కలు, ఇలా ఒక్కొక్క సరుకుకూ ఎంత చెల్లించాలో చెక్కించాడు. వట్టి అభయమే అయితే ఇంత పట్టిక దేనికి? సుంకరి ఇష్టాయిష్టాలకు ఏమీ మిగలకూడదనే అని నా ఊహ. పైగా దీన్ని ఓరుగంటి కోటలో దాచుకోలేదు, రేవులోనే నిలబెట్టారు. ఓడ దిగినవాడు చదువుకోవచ్చు, రాకపోతే చదివించుకోవచ్చు.

రాజుకు లాభం లేదనుకోకండి. ఓరుగల్లు సముద్రానికి దూరం, మేలుజాతి గుర్రాలు రావాలంటే రేవే దిక్కు. ఆ శతాబ్ది చివరలో మార్కో పోలో ఈ రాజ్యాన్ని రేవు పేరుతోనే ‘ముత్ఫిలి’ అని పేర్కొన్నాడు.

అయితే రాజు మాట రాజ్యమున్నంత వరకే. 1323లో ఓరుగల్లు కూలింది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకోసం మళ్ళీ శాసనం వేయించవలసి వచ్చింది.

ఈ పాత కథ నాకు మళ్ళీ మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం ‘అలాండ్రా రెయిన్‌బో’ అనే జపాను వారి ఓడ. 1999 అక్టోబరులో సుమారు 7,000 టన్నుల అల్యూమినియంతో ఇండోనేషియా నుండి జపానుకు బయలుదేరింది. దొంగలు దాన్ని పట్టుకొని, 17 మంది నావికులను ఒక తెప్పపై సముద్రంలో వదిలేశారు. పది రోజులు దాటాక థాయి జాలర్లు వారిని కాపాడారు. ఈలోగా ఓడ పేరు ‘మెగా రామా’గా మారిపోయింది! నవంబరులో మన తీరరక్షక దళమూ, నౌకాదళమూ అరేబియా సముద్రంలో దాన్ని వెంటాడి పట్టుకొన్నాయి.

పట్టుకోవడం సాహసమే. శిక్షించడమెలా? మన శిక్షాస్మృతిలో సముద్రపు దోపిడీకి నిర్వచనమే లేదు. సముద్రపు దొంగలను ఏ దేశమైనా పట్టుకొని తన కోర్టులో విచారించవచ్చునని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒప్పందం చెబుతుంది. 1995లో మనం దాన్ని ధ్రువీకరించాం, కానీ ఆ విచారణకు కావలసిన చట్టం చేసుకోలేదు. దాంతో 1849, 1890 నాటి విక్టోరియా రాణి కాలపు చట్టాలను వెదికి తీయవలసి వచ్చింది. నిందితులకు ముంబయి సెషన్సు కోర్టు 2003లో ఏడేళ్ళ శిక్ష వేసింది. 2005లో హైకోర్టు వారిని విడిచిపెట్టింది.

2011లో మన నౌకాదళం వందకు పైగా సోమాలియా దొంగలను పట్టి తెచ్చినప్పుడూ అదే చిక్కు. 2012లో లోక్‌సభ ముందుకు వచ్చిన బిల్లు 2014లో సభతో పాటే మురిగిపోయింది. చివరకు 2022 డిసెంబరులో సముద్రపు దోపిడీ నిరోధక బిల్లును పార్లమెంటు ఆమోదించింది, మరుసటి ఏడు అది చట్టమైంది. 2024 మార్చిలో ‘రుయెన్’ అనే నౌకను విడిపించి, 35 మంది దొంగలను ముంబయి తెచ్చినప్పుడు పోలీసులకు చూపడానికి ఒక చట్టమంటూ ఉంది. ‘అలాండ్రా’ పట్టుబడి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు దాటింది.

అన్నట్టు, పగిలిన ఓడల సంగతి. 1958 నాటి వాణిజ్య నౌకాయాన చట్టానికి బదులుగా 2025 ఆగస్టులో పార్లమెంటు కొత్తదాన్ని ఆమోదించింది. మునిగిన నౌకను తొలగించే బాధ్యత అందులో యజమానిదే. అంతకు మూడు నెలల ముందు, మే నెలలో, కేరళ తీరానికి ఆవల ‘ఎంఎస్‌సీ ఎల్సా 3’ 640 కంటైనర్లతో మునిగింది. కొన్ని ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. దరిచేరినవి మావేనని ఈసారి ఎవరూ అనలేదు. తీరానికీ, జాలర్లకూ జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించమని కేరళ ప్రభుత్వం హైకోర్టుకు వెళ్ళింది.