కుటుంబ న్యాయస్థానంలో బిడ్డను కలుసుకునే గది

దంపతులు విడిపోయాక, బిడ్డ తన సంరక్షణలో లేని తల్లి లేదా తండ్రి ఆ బిడ్డను కలుసుకునేందుకు న్యాయస్థానం కల్పించే అవకాశమే సందర్శన హక్కు. 1890 నాటి సంరక్షకుల చట్టం, హిందువుల విషయంలో 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఇందుకు ఆధారాలు. ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి వద్ద ఉండాలని రెండో చట్టం చెబుతుంది. అయితే ఆ చట్టంలోనే 13వ సెక్షన్ మైనరు సంక్షేమానికి అగ్రస్థానమిచ్చింది.

ఇళ్లలో కలుసుకోవడం కుదరనప్పుడు న్యాయస్థాన ప్రాంగణంలోని పిల్లల గదే వేదిక. ముంబయిలోని బాంద్రా కుటుంబ న్యాయస్థానంలో ఇందుకు ప్రత్యేక బాలల విభాగం ఉంది. అన్నిచోట్లా అంతటి వసతి లేదు.

నెలల తరబడి చూడని తండ్రి ఎదురుపడితే బిడ్డ తల్లి చెంగు వదలకపోవచ్చు. దానిని తల్లి దుర్బోధకు రుజువుగా ఎంచడం తొందరపాటు. కేటాయించిన గంటలో సగం బెరుకు తీరడానికే చెల్లిపోతుంది. బిడ్డ ఎరిగిన బొమ్మో, కథల పుస్తకమో వెంట ఉంటే మాట కలుస్తుంది. "అమ్మ నా గురించి ఏమంటోంది?" అని అడిగితే మాత్రం ఆ పసివాడిని సాక్షి బోను ఎక్కించినట్లే. బిడ్డను తీసుకొచ్చే తల్లి సమయపాలన కూడా అంతే ముఖ్యం.

దూరప్రాంతాల్లో ఉన్నవారికి ఫోను, వీడియో కాల్ ద్వారా రోజూ ఐదు, పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే అవకాశం ఉండాలని సుప్రీంకోర్టు 2020లో యశితా సాహు కేసులో పేర్కొంది. సందర్శన ఉత్తర్వు శాశ్వతం కాదు. పరిస్థితులు మారితే మార్పు కోరుతూ ఇరువురిలో ఎవరైనా న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చు.