పశువుల బీమా: చెవిపోగు లేకపోతే పరిహారం రాదు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు పాడి ఆవులే ఆధారం. తప్పుడు క్లెయిములను అడ్డుకోవడానికి బీమా సంస్థలు చెవిపోగు చూశాకే పరిహారం ఇస్తున్నాయి. కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించండి.

• పోగుపై ఉన్న 12 అంకెల నంబరు, పాలసీలోని నంబరు ఒకటేనా అని సరిచూసుకోండి.
• పోగు ఊడిపోతే వెంటనే బీమా సంస్థకు తెలిపి, కొత్తది వేయించి, ఆ నంబరును పాలసీలో నమోదు చేయించండి.
• ఆవు చనిపోతే బీమా సంస్థకు, పశువైద్యాధికారికి వెంటనే తెలపండి. పోస్టుమార్టం అయ్యేవరకు కళేబరాన్ని పూడ్చవద్దు, పోగు తీయవద్దు.

బీమా లేని ఆవుకు వేరే ఆవు పోగు తగిలించి డబ్బు అడగడం మోసం. క్లెయిము పోవడమే కాదు, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద 7 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. మధ్యవర్తుల మాట నమ్మి ఖాళీ ఫారంపై సంతకం పెట్టకండి.