ఫుట్‌బాల్ క్యాంపులో పరదేశి

మనం ఈ దేశం వచ్చిన కొత్తలో తికమక పెట్టిన మాటల్లో ఫుట్‌బాల్ ఒకటి. చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆటకి ఆ పేరేమిటని నవ్వుకున్నవాళ్ళమే. పిల్లలు హైస్కూలుకి వచ్చాక ఆ నవ్వు ఆగింది. ఆగస్టు వస్తే వాళ్ళని క్యాంపులో దింపి రావడం మన పనైంది. మనలాగే వేరే దేశం నుంచి వచ్చి ఈ క్యాంపుల్లో నిలబడ్డవాళ్ళ కథలు కొన్ని ఉన్నాయి. వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఒక డాక్టరుగారి అబ్బాయిది.

పీట్ గోగొలాక్ 1942లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. 1956లో సోవియట్ ట్యాంకులు హంగరీ తిరుగుబాటుని అణచివేశాక ఆ కుటుంబం సరిహద్దు దాటి, చివరికి న్యూయార్క్ రాష్ట్రంలో కెనడా అంచునున్న ఆగ్డెన్స్‌బర్గ్ చేరింది. కుర్రవాడికి వచ్చిన ఆట సాకర్. అక్కడి హైస్కూల్లో సాకర్ జట్టే లేదు. ఉన్న ఆటే ఆడదామని ఫుట్‌బాల్‌కి వెళ్ళాడు.

ఆ రోజుల్లో ఫీల్డ్ గోల్ కొట్టేవాడు బంతికి సరిగ్గా వెనక నిలబడి, తిన్నగా వచ్చి, బూటు ముక్కుతో తన్నాలి. అదే శాస్త్రం. ఇతను పక్కకి జరిగి, ఏటవాలుగా వచ్చి, సాకర్‌లోలాగా పాదం పైభాగంతో తన్నాడు. కోచ్‌లకి అది వింత. ఆలోచిస్తే ఇతని పద్ధతే సబబు. పాదం పైభాగం వెడల్పు గనక బంతికి తగిలే చోటు ఎక్కువ, గురి నిలుస్తుంది. నడుము తిరిగే బలమంతా కాలికి చేరుతుంది. మన పిల్లలని పంపాలని మనం కలలు కనే కార్నెల్ యూనివర్సిటీకి ఆడి, 1964లో బఫలో బిల్స్‌లో చేరాడు. 12వ రౌండ్ దాకా ఎవరూ అతన్ని అడగలేదు. 1966లో న్యూయార్క్ జెయింట్స్ అతన్ని లాక్కున్నాక, పోటీపడుతున్న రెండు లీగులూ ఒకరి ఆటగాళ్ళకి ఒకరు గాలం వేయడం మొదలెట్టాయి. ఆ పోరు భరించలేక జూన్ 8న విలీనం ప్రకటించాయి. 1980లు ముగిసేసరికి బూటు ముక్కుతో తన్నడం దాదాపు కనుమరుగైంది. ఇవాళ మీ టీవీలో కనబడే ప్రతి ఫీల్డ్ గోల్‌లోనూ ఆ బుడాపెస్ట్ కాలు ఉంది.

అందరికీ ఇలా పాత విద్య అక్కరకు రాదు. ఎజెకియెల్ ఆన్సా ఘానా నుంచి 2008లో యూటాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి వచ్చాడు. బాస్కెట్‌బాల్ జట్టులో చోటు దొరకలేదు. కొన్నాళ్ళు పరుగు పందాలు పరుగెత్తి, 2010లో స్కాలర్‌షిప్ లేకుండానే ఫుట్‌బాల్‌కి వచ్చాడు. ప్యాడ్లు ఎలా తొడుక్కోవాలో కూడా ఒకరు చూపించవలసి వచ్చింది. పైగా ఇంగ్లీషు వచ్చినవాడికి కూడా క్యాంపు ఇంగ్లీషు రాదు. ఆట పుస్తకంలో అన్నీ సంకేతాలే. రెసిడెన్సీ మొదటి నెలలో వార్డులో వినబడే పొట్టి అక్షరాలకి బిక్కమొహం వేసిన నాబోటి డాక్టర్లకి ఆ బాధ చెప్పక్కర్లేదు. స్టాటిస్టిక్స్ చదువుకుంటూ ఆట కూడా నేర్చుకున్న ఈ అబ్బాయిని మూడేళ్ళకే, 2013లో, డెట్రాయిట్ లయన్స్ దేశం మొత్తంలో 5వ వాడిగా ఎంచుకుంది.

ఇక ఎండ సంగతి. రెంటచింతల ఎండ చూసినవాళ్ళం, ఇదెంత అనుకుంటాం. కానీ హెల్మెట్టూ ప్యాడ్లూ వేసుకున్న ఒంటిమీద చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. పూర్వం క్యాంపులో నీళ్ళడగడమే చేతకానితనం. 1954లో టెక్సస్ ఏ అండ్ ఎం జట్టుని కోచ్ బేర్ బ్రయంట్ జంక్షన్ అనే ఊరికి తీసుకెళ్ళి, కరువు ఎండలో నీళ్ళివ్వకుండా సాధన చేయించాడు. చాలామంది మధ్యలోనే వెళ్ళిపోయారు. 1965లో ఫ్లోరిడా యూనివర్సిటీలో, మా కుర్రాళ్ళకి ఆట మధ్యలో మూత్రం ఎందుకు రాదని ఒక సహాయ కోచ్ అడిగితే, కిడ్నీ డాక్టరు రాబర్ట్ కేడ్ ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తయారుచేశాడు. అదే గేటరేడ్, మన ఓ.ఆర్.ఎస్. పొట్లానికి దాయాది. కాలేజీ క్రీడల సంస్థ ఎన్.సి.ఎ.ఎ. మాత్రం తీరిగ్గా కదిలింది. మొదటి 5 రోజులు రోజుకి ఒక్క సాధనే అన్న నియమం 2003లో వచ్చింది, రోజుకి రెండు పూటలా సాధన చేయించడం 2017లో ఆగింది. అలవాటు లేని ఒంటికి వేడి పట్టుబడటానికి వారం పది రోజులు పడుతుందన్నది అంతకు ఎన్నో ఏళ్ళ ముందే డాక్టర్లకి తెలిసిన విషయం.

ఇప్పటి పరదేశి కుర్రాడికి వేరే చిక్కు వచ్చింది. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరూ బొమ్మా అమ్ముకుని సంపాదించుకోవచ్చు. 2025 జూలై నుంచి కాలేజీలే నేరుగా డబ్బివ్వవచ్చు. కానీ ఎఫ్-1 వీసా మీద వచ్చినవాడికి పని మీద ఎన్ని హద్దులో మనకంటే ఎవరికి బాగా తెలుసు? పక్క లాకరు కుర్రాడు కారు కొనుక్కుంటుంటే ఇతను లాయరు ఏమంటాడో అని ఎదురుచూడాలి. బాస్కెట్‌బాల్‌లో కెంటకీ యూనివర్సిటీకి ఆడిన కాంగో దేశస్థుడు ఆస్కార్ షీబ్వే 2022 ఆగస్టులో ఒక దారి కనిపెట్టాడు. జట్టుతో బహామాస్ వెళ్ళినప్పుడు, ప్రకటనల పని అమెరికా గడ్డ మీద కాకుండా అక్కడే చేసుకుని వచ్చాడు.