నొక్కే చేతులు ఎందుకు ఆగాయి?

ముందు ఒక మాట. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుంది, మనిషి మాట్లాడుతూనే ఉండవచ్చు. గుండె ఆగితే పడిపోతాడు, పిలిస్తే పలకడు. ఇంగ్లీషు మీడియంలో చదివిన నేను తెలుగులో రెండింటికీ చాలా ఏళ్ళు "గుండెపోటు" అనే అన్నాను.

మా గుడి భోజనాల హాల్లో ఒక పెద్దాయన అలా పడిపోయారు. వాలంటీర్లం వంతులవారీగా ఛాతీ నొక్కాము. ఆసుపత్రిలో ఆయన బతకలేదు. తర్వాత వాళ్ళమ్మాయి అడిగింది: "అంకుల్, మీరు ఆపకుండా నొక్కారు కదా. అక్కడ డాక్టర్లు ఆపి, స్క్రీన్ ఎందుకు చూశారు?"

జవాబు కోసం పాత చరిత్ర చదివాను.

1953లో స్వీడన్‌లోని లుండ్‌లో డాక్టర్ ఇంగె ఎడ్లర్, భౌతికశాస్త్రవేత్త హెల్ముట్ హెర్ట్స్ అల్ట్రాసౌండ్‌తో గుండె కదలికను నమోదు చేశారు. వాళ్ళు అరువు తెచ్చుకున్నది ఇనుములో పగుళ్ళు వెతికే యంత్రం!

1960లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ పైనుంచి నొక్కి రక్తం నడపవచ్చని ప్రకటించారు. అంతకుముందు ఛాతీ కోసి గుండెను చేత్తో పిసికేవారు. కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. నాకు ఇది భలే నచ్చింది.

చిన్న యంత్రాలు వచ్చాక ఈ రెండూ ఎమర్జెన్సీ గదిలో కలిశాయి. వేళ్ళకు నాడి అందకపోయినా లోపల గుండె కొంచెం కదులుతూ ఉండవచ్చు. గుండె చుట్టూ నీరో రక్తమో చేరితే అదీ కనిపిస్తుంది, సూదితో తీయవచ్చు. 2016లో 20 ఆసుపత్రుల్లో 793 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. తెరపై కదలిక లేనివారిలో బతికి ఇంటికి వెళ్ళింది నూటికి ఒక్కరికన్నా తక్కువ. కదలిక ఉన్నవారిలో బతికినవారు అంతకన్నా ఎక్కువ, అయినా కొద్దిమందే. అందుకే చూస్తారు.

కానీ నొక్కుతుంటే బొమ్మ అదురుతుంది, ఆపాలి. ఆపితే మెదడుకు రక్తం అందదు. నియమం 10 సెకన్లు. 2017లో ఒక అధ్యయనంలో అల్ట్రాసౌండ్ వాడినప్పుడు సగటు విరామం 21 సెకన్లు, వాడనప్పుడు 13. ఇప్పుడు చాలాచోట్ల ఆపకముందే యంత్రాన్ని ఛాతీకి ఆనించి ఉంచుతారు. ఒకరు పైకి లెక్కపెడతారు. బొమ్మను రికార్డు చేసి, మళ్ళీ నొక్కడం మొదలయ్యాక చూస్తారు.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. "నేను లెక్కపెట్టాను అంకుల్, పద్నాలుగు" అంది. ఆ పద్నాలుగు వల్లే అని నేను అనలేదు. కాదని కూడా అనలేకపోయాను.