ఒక ఎంజైము, రెండు రూపాలు

జాతి లక్షణాలను తరతరాలకూ మోసేది డి.ఎన్.ఎ. అని 1944లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థకు చెందిన ఎవరీ, మెక్లియాడ్, మెకార్టీలు ప్రకటించినప్పుడు పలువురు శాస్త్రజ్ఞులు నమ్మలేదు. ఆ పదార్థంలో మిగిలిపోయిన ప్రోటీను మలినమేదో ఆ పని చేస్తున్నదేమోనని వారి శంక. అది తీరాలంటే ప్రోటీనును ముట్టకుండా డి.ఎన్.ఎ.ను మాత్రమే ముక్కలు చేసే సాధనం కావాలి. అటువంటి ఎంజైమును మెకార్టీ 1946లో పశువుల క్లోమగ్రంథి నుంచి శుద్ధి చేసినాడు. దానిని లేశమాత్రంగా చేర్చగానే ఆ పదార్థం తన శక్తిని కోల్పోయింది. 1948లో కునిట్జ్ ఆ ఎంజైమును స్ఫటికాలుగా రాబట్టినాడు. దాని పేరు డియాక్సీరైబోన్యూక్లియేజ్-1. పలకడానికి సులువుగా డి.ఎన్.ఏజ్-1 అంటారు.

ఈ ఎంజైము మనిషి క్లోమరసంలోనూ, రక్తంలోనూ, మూత్రంలోనూ ఉన్నది. అయితే అది మనుషులందరిలో ఒకే విధంగా ఉంటుందా? ఈ ప్రశ్న వేసినవారు జపానులోని న్యాయవైద్య నిపుణులు కావడం ఆశ్చర్యం కాదు. నేరస్థలంలో దొరికిన మరక ఎవరిది, బిడ్డకు తండ్రి ఎవరు అన్న వివాదాలు వారి ముందుకు నిత్యం వస్తాయి. రక్తవర్గాల వలె మనిషికీ మనిషికీ తేడా చూపే ప్రతి పదార్థమూ వారికి పనిముట్టే.

కోయిచిరో కిషి, తోషిహిరో యసుదా, వారి సహచరులు మూత్రాన్ని ఎన్నుకొన్నారు. సూదితో పని లేదు, ఎంజైమూ సమృద్ధిగా దొరుకుతుంది. వారి పద్ధతి ముచ్చటైనది. ఒక అంచు నుంచి మరొక అంచుకు ఆమ్లత్వం క్రమంగా మారే పలుచని జెల్లీ పలకలో విద్యుత్తును ప్రవహింపజేస్తే, ప్రతి ప్రోటీనూ తన విద్యుదావేశం సున్న అయ్యే చోటికి నడిచి అక్కడ ఆగిపోతుంది. ఆపైన డి.ఎన్.ఎ.నూ, దానితో కలిసి మెరిసే రంగునూ చేర్చిన మరొక పొరను ఆ పలకపై పరుస్తారు. అతినీలలోహిత కాంతిలో పొర అంతా మెరుస్తుంది. ఎంజైము ఉన్నచోట మాత్రం డి.ఎన్.ఎ. జీర్ణమైపోయి నల్లని గీతలు పడతాయి.

ఆ గీతలు అందరిలో ఒకే చోట పడలేదు. కొందరిలో ఒక వరుస, కొందరిలో మరొక వరుస, ఇంకా కొందరిలో రెండూ కలిసి కనిపించినవి. 1989లో ఈ ఫలితాలు వెలువడినవి. కారణం రెండు జన్యురూపాలు. వీటిలో ఒకటి మరొకదానిని అణచదు, ఎ.బి. రక్తవర్గంలో వలె రెండూ బయటపడతాయి. కనుక తల్లిదండ్రులిద్దరూ ఒకటవ రకానికి చెందినప్పుడు రెండవ రకం బిడ్డ పుట్టే అవకాశం దాదాపు లేదు. తర్వాత అరుదైన మరి రెండు రూపాలు కూడా దొరికినవి.

గీతలు ఎందుకు జరిగినవో 1995లో తెలిసింది. ఈ జన్యువు 16వ క్రోమోసోముపై ఉన్నది. అందులో ఒకే ఒక చోట ఎ అనే అక్షరం జి గా మారింది. ఫలితంగా ఎంజైములోని 222వ అమైనో ఆమ్లం గ్లుటమిన్‌కు బదులు ఆర్జినిన్ అయింది. గ్లుటమిన్‌కు విద్యుదావేశం లేదు, ఆర్జినిన్‌కు ధనావేశం ఉన్నది. ఎంజైము జెల్లీలో ఆగే చోటు మారడానికి ఆ మాత్రం తేడా చాలు.

న్యాయస్థానంలో ఈ రకాలకు పరిమితమైన విలువే ఉన్నది. రకాలు వేరైతే మరక ఇతనిది కాదని చెప్పవచ్చు. ఒకటే అయితే ఇతనిదేనని చెప్పలేము. పైగా 1985లోనే ఇంగ్లండులో జెఫ్రీస్ డి.ఎన్.ఎ.తోనే మనిషిని గుర్తించే మార్గం చూపినాడు. ఎంజైము ఏ పదార్థాన్ని జీర్ణం చేస్తుందో ఆ పదార్థమే చివరకు దాని స్థానాన్ని ఆక్రమించింది!

వైద్యంలో కథ వేరు. ఈ జన్యువును తొలగించిన ఎలుకలలో లూపస్ వంటి వ్యాధి వచ్చినట్లు 2000లో జర్మనీ పరిశోధకులు చూపినారు. ఈ వ్యాధిలో శరీరం తన కణకేంద్రకాల పదార్థంపైనే ప్రతిదేహాలు తయారు చేసుకొంటుంది. మరుసటి ఏడు జపానులో లూపస్ ఉన్న ఇద్దరు బాలికలలో, ఈ జన్యువు రెండు ప్రతులలో ఒకటి మొదట్లోనే నిలిచిపోయే మార్పు కనిపించింది. వారి రక్తంలో ఎంజైము శక్తి బాగా తక్కువ. ఇది 222వ స్థానపు మార్పు వంటిది కాదు. అక్కడ ఎంజైము రూపు మాత్రం మారింది. ఇక్కడ ఒక ప్రతి నుంచి ఎంజైమే తయారు కాలేదు.