ధనుష్ (ప్రయోగ వేదిక)

ధనుష్ తిరుపతి జిల్లా శ్రీహరికోటలోని సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం ఆవరణలో ఉన్న చిన్న రాకెట్ ప్రయోగ వేదిక. చెన్నైకి చెందిన అగ్నికుల్ కాస్మోస్ సంస్థ దీన్ని నిర్మించింది. భారతదేశంలో ప్రైవేటు రంగంలో వెలసిన తొలి ప్రయోగ వేదిక ఇదే.

చరిత్ర

2022 నవంబరు 25న అప్పటి ఇస్రో అధ్యక్షుడు ఎస్. సోమనాథ్ దీన్ని ప్రారంభించారు. పలు వాయిదాల తర్వాత 2024 మే 30 ఉదయం ఇక్కడి నుంచి అగ్నిబాణ్ సోర్టెడ్ ఉపకక్ష్య రాకెట్ నింగికెగిసింది. సుమారు 6 మీటర్ల పొడవున్న ఈ ఏకదశ రాకెట్‌కు త్రీడీ ముద్రణలో ఒకే ముక్కగా తయారైన అగ్నిలెట్ ఇంజిన్‌ను అమర్చారు.

సదుపాయాలు

ప్రయోగ వేదిక, నియంత్రణ కేంద్రం మధ్య దూరం సుమారు 4 కిలోమీటర్లు. ద్రవ ఇంధన రాకెట్లకు అనువుగా వేదికను రూపొందించారు. అగ్నిలెట్ కిరోసిన్, ద్రవ ఆక్సిజన్‌లతో పనిచేస్తుంది. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది; అందుకే దాన్ని అతిశీతల స్థితిలో నిల్వ చేసి, ప్రయోగానికి కాస్త ముందు మాత్రమే రాకెట్‌లో నింపాలి. 2024 ప్రయోగంలో సోర్టెడ్ ఈ వేదికపై పట్టాల ఆసరా లేకుండా నిలువుగా పైకి లేచి, ముందే నిర్దేశించిన మలుపు తీసుకుంది.